పరుగెత్తినవానిదా, పట్టుకొన్నవానిదా?

ఒకని ఎద్దు త్రోవ తప్పి పొరుగువాని చేనిలో పడిన యెడల అది ఎవరిదో మనమందరము ఎరుగుదుము. అడవిలో పుట్టిన జంతువు సంగతి అట్లు కాదు. దానిని ఎవరును కొనలేదు, ఎవరును మేపలేదు. అది ఒకని సొత్తు ఎప్పుడగును?

6వ శతాబ్దములో జస్టీనియను చక్రవర్తి వ్రాయించిన రోమా ధర్మశాస్త్రము దీనికి సూటిగా జవాబు చెప్పినది. మృగము, పక్షి, చేప ఎవనివియు కావు, పట్టుకొన్నప్పుడే పట్టుకొన్నవానివగును. తప్పించుకొని కంటికి కనబడకుండ పోయినచో మరల ఎవనివియు కావు. తేనెటీగలును అంతే. నీ చెట్టున వ్రాలినంత మాత్రమున నీవి కావు, గూటిలో పెట్టుకొన్నప్పుడే నీవి.

అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమునందు, లాంగ్ ఐలండు తీరపు బీడులో, లొడోవిక్ పోస్టు అనునతడు వేటకుక్కలతో ఒక గుంటనక్కను తరుముచుండెను. జెస్సీ పియర్సన్ అనునతడు, తరుమువాడు ఉన్నాడని ఎరిగియే, నడుమ వచ్చి దానిని చంపి తీసికొనిపోయెను. క్రింది న్యాయాధిపతి పోస్టుకే తీర్పు చెప్పెను గాని, 1805లో రాష్ట్ర సుప్రీముకోర్టు దానిని కొట్టివేసెను. తరుముట చాలదు, చావుదెబ్బ కొట్టియో, వలలో చిక్కించియో, తప్పించుకొనలేనట్లు చేయవలెనని న్యాయమూర్తి టాంప్‌కిన్స్ వ్రాసెను. తరిమిన ప్రతివాడును నాది అన్నచో వ్యాజ్యెములకు అంతుండదని ఆయన భయము. లివింగ్‌స్టన్ అను న్యాయమూర్తి ఒప్పుకొనలేదు. అలసి తరిమినవాని ఫలమును చివర వచ్చినవాడు తన్నుకొనిపోయిన యెడల, ఆ దుష్టజంతువును వేటాడుటకు ఎవడు పూనుకొనును? ఈ తగవును వేటగాండ్రకే విడిచియుండవలసినదని ఆయన అభిప్రాయము. మీలో చాలమంది మనస్సు పోస్టు పక్షముననే యుండును. నా మనస్సును అంతే.

1881లో మాసచూసెట్సు తీరపు తిమింగిలము వ్యాజ్యెములో ఆచారమే గెలిచినది. అక్కడి వేటగాండ్రు తమ గుర్తుగల ఈటెతో తిమింగిలమును చంపుదురు. అది వెంటనే మునిగి, ఒకటి మొదలు మూడు దినములలో తేలును. ఒడ్డున కనుగొన్నవాడు కబురు పంపి కొంత బహుమానము పుచ్చుకొనుట వాడుక. ఒకడు కబురు పంపక వేలములో అమ్మివేసెను. న్యాయస్థానము చంపినవాని పక్షముననే తీర్చెను. మునిగినదానిని పట్టియుండుట ఎవని తరము?

పట్టుకొన్నవానిదే అను సూత్రముతో తగవు తీరును గాని, కాచువాడుండడు. నేను విడిచినది పొరుగువాడు పట్టును గనుక నేనును విడువను. ఆకాశము కప్పునంత గుంపులుగా ఎగిరిన అమెరికా పాసింజరు పావురములను గూళ్ల యొద్దనే, పెద్దవాటిని పిల్లలను కూడ, పట్టి రైళ్లలో పట్టణములకు పంపిరి. అడవులను నరుకుటయు తోడయ్యెను. కడపటి పావురము 1914లో సిన్సినాటి జంతుశాలలో చచ్చెను. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 6, 7 వచనములు ఇప్పుడు తెరచి చూడుడి. గూడు కనుగొన్నవాడు పిల్లలను తీసికొనవచ్చును, తల్లిని మాత్రము విడువవలెను. దొరికినవాని హక్కును కాదనక దానికి హద్దు పెట్టిన శాసనమది.

మన దేశములో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము 39వ సెక్షను వేరు త్రోవ పట్టినది. చట్టమునకు విరుద్ధముగా వేటాడినదియు, చచ్చి దొరికినదియు, పొరపాటున చంపబడినదియు ప్రభుత్వపు సొత్తు. పీడజంతువులుగా ప్రకటింపబడినవి మినహాయింపు. “పంట మేసినది నా చేనిలో, చచ్చినది నా చేనిలో, జింక సర్కారుదా?” అని రైతులు అడుగుదురు. ఆ బాధలో న్యాయమున్నది. పంట నష్టమునకు అటవీశాఖవారికి అర్జీ పెట్టుకొనవచ్చును. అది వేరు సంగతి. చేను నీదైనను జింక నీది కాదు, మాంసము పంచుకొనరాదు. అట్టి జంతువు గాని దాని చర్మము, కొమ్ము గాని చేతికి వచ్చినవాడు 48 గంటలలోగా దగ్గరి పోలీసు ఠాణాలోనో, అధికారము గల ఉద్యోగికో తెలియజేసి, అడిగినప్పుడు అప్పగించవలెను.