ఒట్టు ఒక్కటే చాలదు: ఓడరేవు కార్మికులు, మద్యం, మన సాయం

విశాఖ ఓడరేవు 1933లో ప్రారంభమైంది. బస్తాలు భుజాన మోసిన రోజులు పోయి క్రేన్లు, కన్వేయర్ బెల్టులు వచ్చాయి. అయినా కాంట్రాక్టు కళాసీ బతుకు ఇప్పటికీ ఓడ రాకను బట్టే నడుస్తుంది. ఓడ బెర్తుకు చేరితే రాత్రీ పగలూ షిఫ్టులే, లేకపోతే ఆ రోజు కూలి లేదు. నైట్ షిఫ్టు దిగి, బొగ్గు ధూళి కడుక్కుని, పట్టపగలు రేకుల ఇంట్లో పడుకుంటే నిద్ర రాదు. ఒక క్వార్టర్ వేస్తే ఒళ్లు నొప్పులు తెలియవని మొదలుపెట్టినవారే మాకు ఎక్కువగా కనిపించారు. మద్యం నిద్ర పట్టిస్తుంది గాని, కాసేపటికి ఆ నిద్రను తానే చెడగొడుతుంది. దాంతో మర్నాడు మరికాస్త కావాలి.

మత్తు హరాం అని పాఠకులకు మేం చెప్పనక్కర్లేదు. సూరా మాయిదా 90వ ఆయతు సందేహానికి తావివ్వలేదు. మేం చెప్పదలచింది దాన్ని మానే పద్ధతి గురించి.

కొన్నేళ్ల క్రితం రమజాన్ నెలవంక కనిపించిన రాత్రి ఒక కార్మిక సోదరుడు మస్జిదులో తౌబా చేసుకున్నాడు. అందరం కౌగిలించుకున్నాం. మర్నాడు ఉపవాసంలో చేతులు వణికాయి, చెమటలు పట్టాయి. నీరసమే అనుకున్నాం. రెండో రాత్రి ఎదుట లేని మనుషులతో మాట్లాడుతుంటే, గాలి సోకిందని ఇంట్లోవారు దువా ఊదించడానికి తీసుకెళ్లారు. ఫిట్స్ వచ్చాక గాని ఎవరికీ ఆసుపత్రి గుర్తుకు రాలేదు. అల్‌హమ్దులిల్లాహ్, బతికాడు. రోజుకు ఎంత తాగేవాడివని మాలో ఒక్కరమూ అడగలేదు. తప్పు మాదే.

ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగినవారు ఉన్నట్టుండి ఆపేస్తే కొన్ని గంటల్లోనే వణుకు మొదలవుతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకు మతి తప్పవచ్చు. ప్రాణమే పోవచ్చు. అందుకే మొదటి వారం పది రోజులు డాక్టరు పర్యవేక్షణలో గడవాలి. మందులతో పాటు విటమిన్ బి1 కూడా ఇస్తారు. రోగి ఉపవాసాలను తర్వాత పూర్తి చేసుకునే వెసులుబాటు సూరా బఖరా 184, 185 ఆయతులలోనే ఉంది. ఇంకో మాట. భర్తకు తెలియకుండా కూరలో మాన్పుడు మందు కలపడం చాలా ప్రమాదం. ఆ సంగతి తెలియక అతను తాగితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.

విశాఖలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. ఊళ్లో ఆసుపత్రి ఉన్నా మనవాళ్లు వెళ్లకపోవడానికి కారణం పది రోజుల కూలి పోతుందన్న బెంగ. జట్టులో తన చోటికి మేస్త్రి మరొకరిని తీసుకుంటాడేమోనన్న భయం దానికి తోడు. దాతల సొమ్ము అక్కరకొచ్చేది ఇక్కడే. ఆ పది రోజులూ ఇంటికి బియ్యం, పప్పు, నూనె కిరాణా కొట్టు నుంచి నేరుగా అందేలా చూస్తాం. నగదు మాత్రం ఇవ్వం.

'తాగుబోతుకు జకాతా?' అని మమ్మల్ని అడిగినవారున్నారు. ఆ బియ్యం తినేది భార్యాబిడ్డలు. పైగా సూరా తౌబా 60వ ఆయతు చెప్పిన ఎనిమిది వర్గాలలో అప్పుల్లో కూరుకున్నవారూ ఉన్నారు. ఇతర మతాల కార్మికులకు సదఖా నిధి నుంచి ఇస్తున్నాం. అదే జట్టులో భుజం కలిపి పనిచేసే మనిషిని వదిలేయడం మాకు సమ్మతం కాదు.

తాగుడు ఆగాక దిగులు బయటపడుతుంది. కొందరిలో అది ముందు నుంచీ ఉన్నదే, మత్తు దాన్ని కప్పిపెట్టింది. చచ్చిపోవాలనుందని ఎవరైనా అంటే బెదిరింపుగా కొట్టిపారేయవద్దు. పక్కనే కూర్చుని 14416కు ఫోను చేయండి. 2022లో మొదలైన ఈ టెలీమానస్ సేవ ఉచితం, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. మత్తు మానడానికి సలహా కావాలంటే 14446. మానినవారు మళ్లీ తాగారని తెలిస్తే మళ్లీ ఆసుపత్రికి పంపుతాం, రేషనూ మళ్లీ ఇస్తాం.

మీ మొహల్లాలో రమజానుకు మానేస్తానంటున్న సోదరుడు ఉంటే నెలవంక దాకా ఆగకుండా షాబాన్ నెలలోనే మా దగ్గరికి తీసుకురండి. ఆసుపత్రికి మాలో ఒకరు తోడు వస్తారు.