పసిబిడ్డకు జలుబా? ఊపిరి లెక్కపెట్టండి

వానలు మొదలైతే మా పిల్లల వార్డులో మంచాలు ఖాళీ ఉండవు. తల్లులు చెప్పేది ఒకటే మాట: "జలుబే కదా అనుకున్నామమ్మా!" అన్నకో, నానమ్మకో వచ్చిన జలుబే నాలుగైదు రోజులకు చంటిబిడ్డకు ఆయాసంగా మారుతుంది. చాలాసార్లు దీనికి కారణం ఆర్.ఎస్.వి. అనే వైరస్.

ఏమిటీ వైరస్?

దీనిని మొదట 1956లో చింపాంజీలలో కనుగొన్నారు. మరుసటి ఏడాది పసిపిల్లలలోనూ గుర్తించారు. ఇది ముక్కు, శ్వాసనాళాల లోపలి పొరలో పెరుగుతుంది. రెండేళ్లు నిండేలోగా దాదాపు ప్రతి బిడ్డకూ ఒక్కసారైనా సోకుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు జలుబుతో సరిపోతుంది. కాని చంటిబిడ్డ శ్వాసనాళాల చివరి కొమ్మలు చాలా సన్నవి. అవి కాస్త వాచి, కళ్లె అడ్డుపడితే గాలి ఆడదు. దీనినే బ్రాంకియోలైటిస్ అంటారు. ఆరు నెలలలోపు వారికి, నెలలు నిండకుండా పుట్టినవారికి, గుండెజబ్బు ఉన్నవారికి ప్రమాదం ఎక్కువ.

ఎలా వ్యాపిస్తుంది?

దగ్గు, తుమ్ముల తుంపర్ల వలన, చేతుల వలన. గట్టి వస్తువుల మీద ఈ వైరస్ కొన్ని గంటలు బ్రతుకుతుంది. చీమిడి తుడిచిన చేయి బిడ్డ కంటికో, ముక్కుకో తగిలితే చాలు.

ఎలా గుర్తించాలి?

ముక్కు లోపలి స్రావాన్ని యాంటిజెన్ లేక ఆర్.టి.పి.సి.ఆర్. పరీక్ష చేస్తే వైరస్ ఏదో తెలుస్తుంది. కాని వైద్యం ఆ ఫలితం కోసం ఆగదు. డాక్టరు గారు బిడ్డ ఊపిరిని చూసి నిర్ణయిస్తారు. అది మీరూ చూడవచ్చు. బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిండు నిమిషం లెక్కపెట్టండి.

* 2 నెలలలోపు: 60 లేక ఎక్కువ
* 2 నెలల నుండి ఏడాదిలోపు: 50 లేక ఎక్కువ
* 1 నుండి 5 ఏళ్లలోపు: 40 లేక ఎక్కువ

ఇలా ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా, ఊపిరి మధ్యలో ఆగుతున్నా లెక్కపెడుతూ కూర్చోకండి. జ్వరం లేదు కదా అని ఆగకండి.

గుర్తుంచుకోండి

* యాంటిబయాటిక్ మందులు వైరస్‌ను చంపవు. దుకాణంలో అడిగి కొనకండి.
* తల్లిపాలు ఆపకండి. కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు ఇవ్వండి.
* సాంబ్రాణి పొగ, పొయ్యి పొగ, చుట్ట పొగ తగలనివ్వకండి. ముక్కులో నూనె వేయకండి.
* జలుబు చేసినవారు బిడ్డను ముద్దాడవద్దు. తల్లికే జలుబైతే సబ్బుతో చేతులు కడుక్కొని, ముక్కుకు గుడ్డ కట్టుకొని పాలివ్వాలి.

ఆరువారాల టీకాకు వచ్చినప్పుడు ఒక తల్లికి ఈ లెక్క నేర్పాము. పది రోజుల తరువాత అర్ధరాత్రి ఆమె బిడ్డతో పరుగున వచ్చి, "అరవై ఎనిమిది వచ్చిందమ్మా, రెండుసార్లు చూశాను" అన్నది. ఇంట్లో అందరూ తెల్లవారాక వెళ్దామన్నారట. వెంటనే ఆక్సిజన్ పెట్టాము. అయిదో రోజున బిడ్డ తల్లిపాలు తాగుతూ ఇంటికి వెళ్లింది. ఆ రాత్రి బిడ్డను కాపాడింది ముందుగా ఆ తల్లి లెక్కే.