ఉద్యోగి బ్లాగు – సంస్థ నియమాలు

సొంత బ్లాగులో వ్రాసిన మాటకు సంస్థ ఉద్యోగం తీసివేయవచ్చునా? అమెరికాలో, మోంటానా తప్ప తక్కిన రాష్ట్రాలలో, సాధారణంగా కారణమే చూపనక్కరలేదు. హెచ్-1బి వీసాపై ఉన్న మనవారికి ఆపైన లభించే గడువు గరిష్ఠంగా 60 రోజులు.

2005లో ఐ.బి.ఎం. బ్లాగు నియమావళిని ఆ సంస్థ ఉద్యోగులే కలిసి కూర్చారు. సంస్థ విషయాలు వ్రాసేటప్పుడు పేరు, హోదా దాచరాదు, అభిప్రాయం తనదేనని తెలపాలి, రహస్యాలు వెల్లడించరాదు, ఖాతాదారుల ప్రస్తావనకు అనుమతి కావాలి. 'అభిప్రాయం నాదే' అన్నంత మాత్రాన రహస్యభంగం మాఫీ కాదు సుమా!

అయితే సంస్థ నియమాలకూ హద్దు ఉన్నది. 1935 నాటి జాతీయ కార్మిక సంబంధాల చట్టం ప్రకారం, ప్రైవేటు సంస్థలలో పర్యవేక్షకులు కాని ఉద్యోగులు జీతాలను, పని పరిస్థితులను గూర్చి తమలో తాము చర్చించుకోవడాన్ని నిషేధించరాదు. కార్మిక సంఘం లేకున్నా ఈ రక్షణ వర్తిస్తుంది. కేవలం స్వంత గోడు వెళ్ళబోసుకున్నవానికి మాత్రం సాధారణంగా వర్తించదు.