స్కూళ్లను బాగుచేసే పని బయటివారికి ఇస్తే: ఇంగ్లండ్ కౌన్సిళ్ల అనుభవం



మన పిల్లల టైంటేబుల్‌లో ఫోనిక్స్, అబాకస్, రోబోటిక్స్ లాంటి పీరియడ్లు కనిపిస్తుంటాయి. ఇలాంటివాటిలో చాలావరకు బయటి సంస్థలు తయారుచేసినవే. కొన్నిచోట్ల ఆ సంస్థల మనుషులే వచ్చి నేర్పుతారు. టీచర్ల శిక్షణను బయటి నుంచి కొనడమూ మామూలే. ఇదే పనిని ఒక ఊరి పాలకమండలి తన పరిధిలోని స్కూళ్లన్నిటి కోసం చేస్తే ఎలా ఉంటుంది? ఇంగ్లండ్‌లో దీనికి పాతికేళ్ల అనుభవం ఉంది. మనలో కొందరి మేనల్లుళ్లు, మనవలు అక్కడి స్కూళ్లలోనే చదువుతున్నారు కాబట్టి ఇది పూర్తిగా పరాయి సంగతి కూడా కాదు.

ఇంగ్లండ్‌లో ప్రభుత్వ స్కూళ్ల బాధ్యత చాలాకాలం స్థానిక కౌన్సిళ్లదే. మన మున్సిపాలిటీ, జిల్లా పరిషత్తు చేసే పనులను కలిపి చూసుకునే సంస్థ అనుకోండి. స్కూళ్లకు వెళ్లి పాఠాలు చూసి, ప్రిన్సిపాళ్లకు సలహాలిచ్చే నిపుణులు కౌన్సిల్ ఉద్యోగులుగా ఉండేవారు. 1988 విద్యా సంస్కరణ చట్టంతో బడ్జెట్‌లో ఎక్కువ భాగం స్కూళ్ల చేతికే వెళ్లింది. 1992 చట్టంతో ఆఫ్‌స్టెడ్ అనే తనిఖీ సంస్థ వచ్చింది. అది ముందు స్కూళ్లను, కొన్నేళ్లకు కౌన్సిళ్ల విద్యాశాఖలను కూడా తనిఖీ చేయసాగింది. కొన్ని లండన్ కౌన్సిళ్ల మీద వచ్చిన నివేదికలు ఎంత ఘాటుగా ఉన్నాయంటే, కేంద్ర ప్రభుత్వమే కల్పించుకుని ఆ పనిని బయటివారికి ఇప్పించింది.

ఆ రోజుల్లో జరిగిన మూడు కథలు ఇప్పటికీ చదవదగ్గవి.

హ్యాక్నీలో 1999లో స్కూళ్ల మెరుగుదల పనిని నార్డ్ ఆంగ్లియా అనే ప్రైవేటు కంపెనీకి ఇచ్చారు. కొంత భాగం ఇస్తే సరిపోలేదు. 2002లో మొత్తం విద్యాశాఖ పనిని లెర్నింగ్ ట్రస్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థకు పదేళ్ల కాంట్రాక్టు మీద అప్పగించారు. ఆ పదేళ్లలో హ్యాక్నీ స్కూళ్ల పేరు బాగా మారింది. గడువు తీరాక, 2012లో పని తిరిగి కౌన్సిల్ చేతికి వచ్చింది. ఇజ్లింగ్టన్‌లో 2000లో కేంబ్రిడ్జ్ ఎడ్యుకేషన్ అసోసియేట్స్‌కు ఏడేళ్ల కాంట్రాక్టు ఇచ్చారు. అందులో ఫీజులో కొంత భాగాన్ని పరీక్షా ఫలితాల లక్ష్యాలకు ముడిపెట్టారు. లక్ష్యం తప్పితే కంపెనీకి కోత.

సదర్క్ కథ వేరు. 2001లో డబ్ల్యూ ఎస్ ఆట్కిన్స్ అనే కంపెనీ ఐదేళ్లకు ఒప్పందం చేసుకుంది. అది ప్రధానంగా ఇంజినీరింగ్ కన్సల్టెన్సీ కంపెనీ. రెండేళ్లకే, 2003లో, గిట్టుబాటు కావడం లేదని తప్పుకుంది. కంపెనీకి అది లెక్కల పుస్తకంలో ఒక నష్టం. ఐదో తరగతిలో ఉన్న పిల్లకు మాత్రం ఆ రెండేళ్లు మళ్లీ రావు. పిల్లల చదువు నిలబెట్టే బాధ్యత మాత్రం కౌన్సిల్ మీదే ఉండిపోయింది. చట్టం ప్రకారం అది ఎప్పుడూ కౌన్సిల్‌దే: తన పరిధిలో చదువు ప్రమాణాలు పెంచాల్సిన బాధ్యత 1996 విద్యా చట్టం కౌన్సిల్ మీదే పెట్టింది. పనిని కాంట్రాక్టుకు ఇవ్వవచ్చు, ఆ బాధ్యతను ఇవ్వడం కుదరదు.

ఇక కొనే పద్ధతి. ముందు కౌన్సిల్ తన స్కూళ్ల ఫలితాలు, తనిఖీ నివేదికలు చూసి ఎక్కడ లోటుందో తేల్చుకుంటుంది. తర్వాత ఏం కావాలో వివరంగా రాసి, బహిరంగ ప్రకటన ఇచ్చి బిడ్లు పిలుస్తుంది. ధరకు కొన్ని మార్కులు, నాణ్యతకు కొన్ని మార్కులు ముందే ప్రకటించి, వాటి ప్రకారం ఎంపిక చేస్తుంది. ఇదంతా మన టెండర్ల లాంటిదే.

అసలు చిక్కు 'ఏం కావాలి' అని రాసే కాగితంలో ఉంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. 'వెనకబడిన 10 స్కూళ్లకు ఏడాదికి 12 రోజుల చొప్పున సలహాదారు వెళ్లాలి' అని రాశారనుకోండి. సంస్థ 120 రోజులూ తిరుగుతుంది, సంతకాలు తీసుకుంటుంది, బిల్లు పెడుతుంది. పిల్లలకు చదవడం వచ్చిందా అనేది ఆ కాగితంలో లేదు కాబట్టి ఎవరూ అడగలేరు. పోనీ, 'ఇంతమంది పిల్లలు పరీక్షలో ఈ స్థాయి దాటాలి' అని రాస్తే? అప్పుడు గీతకు కాస్త కింద ఉన్న పిల్లల మీదే అందరి శ్రద్ధా పోతుంది. బాగా వెనకబడినవాళ్లు ఎలాగూ దాటరని పక్కన పడతారు. పబ్లిక్ పరీక్షల ముందు ఏ పిల్లల చుట్టూ హడావుడి జరుగుతుందో చూసిన మనకు ఇది కొత్తేమీ కాదు. నా దృష్టిలో మొదటి తప్పు కంటే ఈ రెండోదే ప్రమాదం, ఎందుకంటే కాగితం మీద అది విజయంలా కనిపిస్తుంది.

జాగ్రత్త తెలిసినవాళ్లు రెండూ కలిపి రాస్తారు: ఎన్నిసార్లు వచ్చారు, వచ్చాక పాఠం చెప్పే తీరు ఏం మారింది, బాగా వెనకబడిన పిల్లలు ఎంత ముందుకు వచ్చారు, సంస్థ వెళ్లిపోయాక స్కూల్ టీచర్లు ఆ పని సొంతంగా చేయగలరా. చివరి ప్రశ్న చాలా కాంట్రాక్టుల్లో ఉండదు. దానికి జవాబు 'చేయలేరు' అయితే మళ్లీ మళ్లీ కొంటూనే ఉండాలి. అమ్మేవారికి అందులో ఇబ్బందేమీ లేదు మరి!

ఈ మధ్య డబ్బు సంగతి కూడా మారింది. కౌన్సిళ్లకు స్కూళ్ల మెరుగుదల కోసం ప్రభుత్వం ఏటా సుమారు 5 కోట్ల పౌండ్ల గ్రాంటు ఇచ్చేది. 2022-23లో దాన్ని సగానికి తగ్గించి, మరుసటి ఏడాది పూర్తిగా ఎత్తేశారు. ఇంకోవైపు, ప్రభుత్వ హైస్కూళ్లలో అత్యధికం కౌన్సిల్ పరిధి దాటి 'అకాడమీ'లుగా మారిపోయాయి. వాటికి నిధులు నేరుగా కేంద్రం నుంచే వస్తాయి, కావలసిన సేవలు అవే కొనుక్కుంటాయి. కౌన్సిల్ కింద మిగిలిన స్కూళ్ల విషయంలో, వాటి బడ్జెట్ నుంచి తలా కొంత తీసి ఈ పనికి వాడాలంటే 'స్కూల్స్ ఫోరం' ఒప్పుకోవాలి. ప్రైమరీ స్కూళ్ల ప్రతినిధులు తమ స్కూళ్ల డబ్బు మీద, హైస్కూళ్ల ప్రతినిధులు తమ డబ్బు మీద విడివిడిగా ఓటు వేస్తారు. అంటే సేవ నచ్చకపోతే స్కూళ్లే వద్దనవచ్చు. ఇది మంచిదే. కాకపోతే బాగా నడిచే స్కూళ్లు 'మాకెందుకు' అంటే, సాయం నిజంగా కావలసిన స్కూలుకు నిధి మిగలదు.

ఈ ఫోరం సమావేశాలు బహిరంగంగా జరుగుతాయి, కాగితాలను కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పెట్టాలి. అక్కడ ఉన్న మన బంధువులు పిల్లల స్కూల్ ఏ కౌన్సిల్ కిందిదో చూసుకుని, ఎవరికి ఎంత ఇస్తున్నారో, దేనికి ఇస్తున్నారో ఇంట్లో కూర్చునే చదువుకోవచ్చు. ఇక్కడ మన స్కూల్లో ఏదైనా కొత్త ప్రోగ్రాం మొదలైందని సర్క్యులర్ వస్తే, తర్వాతి పేరెంట్ మీటింగ్‌లో ఆ నాలుగు ప్రశ్నలూ అడగండి. ముఖ్యంగా ఆ చివరిది.