సంఘమునకు పెద్ద యెవరు?

అనంతపురపు మెట్ట గ్రామములలో పంచాయతీ ఒక్కటియే సంస్థ కాదు. వాటర్‌షెడ్ కమిటీ, యువజన సంఘము, పాఠశాల భవనము నిమిత్తము పెద్దలు పెట్టుకొన్న సంఘము, దేవాలయ జీర్ణోద్ధరణ సంఘము, ఇట్టివి ఊరూరను కలవు. పంచాయతీ సభ్యులలో పలువురు వీనిలోను సభ్యులై యుందురు. పనులు సాఫీగా సాగినంత కాలము సంఘమునకు అధ్యక్షుడెవ్వరన్న ప్రశ్న ఎవ్వరికిని తట్టదు. సంఘము పేర డబ్బు వచ్చిన యేడు ఆ ప్రశ్న లేచును. ఒకే సంఘమునకు ఇద్దరు అధ్యక్షులు, రెండు ముద్రలు, రెండు మినిట్సు పుస్తకములు బయలుదేరును.

ఇది పెద్దరికపు పోరు మాత్రమేనని విడిచిపెట్టదగినది కాదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు సీమ యిది. ఆ కొద్ది వానయు తరచుగా నాలుగైదు గట్టి జల్లులలో కురిసిపోవును. తెగిన చెక్‌డ్యాము కట్టను ముంగారుకు ముందే పూడ్చనిచో ఆ యేటి నీరు వాగున పోయినట్లే. పూడ్చుటకు సంఘము ఖాతాలో డబ్బున్నది. చెక్కుపై సంతకము చేయువాడెవ్వడో తేలలేదు. బ్యాంకుకు ఇద్దరి యొద్దనుండియు ఉత్తరములు చేరినపుడు మేనేజరు సాధారణముగా ఖాతాను నిలిపివేయును. అట్లు చేసినందులకు ఆయనను తప్పుపట్టుటకును వీలులేదు.

కనుక ఇట్టి తగవులో చట్టము ఎవరిని పెద్దగా గుర్తించునో, ఆ తీర్పు చెప్పు అధికారము ఎవరికి గలదో పంచాయతీ సభ్యులు తెలిసికొని యుండుట అవసరము.

మొదట సంఘమనగా నేమో చూతము. మన రాష్ట్రమున సంఘముల నమోదు 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టము ప్రకారము జరుగుచున్నది. అంతకు పూర్వము మన ప్రాంతమున 1860 నాటి చట్టము అమలులో నుండెను. ఏడుగురు గాని, అంతకు మించి గాని కలిసి, ఉద్దేశములను, నిబంధనావళిని వ్రాసి యిచ్చి సంఘమును నమోదు చేయించుకొనవచ్చును. ఢిల్లీలోని ఆయుర్వేద యునానీ టిబ్బియా కళాశాల వ్యాజ్యమున, 1860 చట్టము క్రింద నమోదైన సంఘము సంపూర్ణమైన చట్టబద్ధ వ్యక్తి కాదని సుప్రీంకోర్టు 1961లో చెప్పెను. మన 2001 చట్టము ఆ లోటును తీర్చినది. నమోదైన సంఘమునకు తన పేరుతో తనకు శాశ్వతమైన ఉనికి కలదు. ఆస్తి దానిది, అప్పు దానిది. అధ్యక్షుడు మారినను, మరణించినను సంఘము మారదు. "నా హయాములో కొన్న మోటారు గనుక నా యింట నుంచుకొందును" అనుటకు ఏ అధ్యక్షునికిని హక్కు లేదు.

ఇక తగవు పుట్టు తీరును గమనింతము. ఒక గ్రామమును ఊహించుకొందము. వేరుసెనగ పంట పోయినది. సభ్యులలో సగముమంది బెంగుళూరుకు కట్టడపు పనులకు వలస పోయిరి. ఏప్రిలు నెలలో కార్యదర్శి సర్వసభ్య సమావేశమని దండోరా వేయించెను. ఊరనున్నవారు కూడి పాత అధ్యక్షుని తొలగించి కొత్తవానిని ఎన్నుకొనిరి. ఉగాదికి రాలేకపోయి జాతరకు వచ్చినవారు ఈ సంగతి విని, "మాకు కబురే లేదు" అని తాము వేరుగా సభ జరిపి పాత అధ్యక్షునే తిరిగి నిలిపిరి. రెండు సభలకును చప్పట్లు మ్రోగినవి. రెంటికిని వేలిముద్రలు పడినవి.

ఇందెవరు అధ్యక్షులు? ఏ వర్గమున జనము హెచ్చుగా నున్నారని న్యాయస్థానము మొదట అడుగదు. సభను పిలుచు అధికారము నిబంధనావళి ప్రకారము ఎవరిది? నోటీసు ఎన్ని దినముల ముందు, ఏ రూపమున ఇవ్వవలెను? అది సభ్యులందరికిని చేరినదా? అధ్యక్షుని తొలగించు విషయము అజెండాలో నున్నదా? కోరము చాలినదా? ఓటు వేసినవారు ఆనాటికి సభ్యులేనా, చందా బాకీ పడి సభ్యత్వము కోల్పోయినవారా? ఈ ప్రశ్నలే ముందు వచ్చును. నోటీసును తపాలాలో పంపవలెనని నిబంధన యున్నచోట దండోరా చాలదు. ఫోనులో పంపిన సందేశమును చాలునని నమ్మరాదు. వలస పోయినవాని సభ్యత్వము వలసతో పోదు. వానికి నోటీసు అందవలసినదే. మన సీమలోని సంఘముల నిబంధనలలో వలస కాలమున సభ జరుపరాదనియో, వలస చిరునామాకు నోటీసు పంపవలెననియో ఒక వాక్యము చేర్చుకొనుట మేలని మా అభిప్రాయము. నిబంధనావళిని పొరుగూరి సంఘమునుండి ఎత్తి వ్రాసుకొనుట మనవారికి అలవాటు. ఊరి పేరు మార్చుటకు సయితము మరచిన ప్రతులు కలవు!

కార్యవర్గమునకును సర్వసభ్య సమావేశమునకును గల భేదమును కూడ ఇచట గుర్తింపవలెను. దినదినపు పనులు నడుపుట కార్యవర్గమునకు చెందును. సర్వసభ్యులు ఎన్నుకొన్న అధ్యక్షుని కార్యవర్గములోని నలుగురు కూడి తొలగింపజాలుదురా యన్నది పూర్తిగా నిబంధనావళిపై ఆధారపడి యుండును. అందు అట్టి అధికారము వ్రాసి లేనిచో ఆ తొలగింపు నిలుచుట కష్టము.

కొత్త కార్యవర్గము ఎన్నికైన సమావేశము జరిగిన 15 దినములలోపల సభ్యుల జాబితాను రిజిస్ట్రారుకు సమర్పింపవలెనని 2001 చట్టపు 9వ సెక్షను చెప్పుచున్నది. ఇందే పలువురు పొరపడుచున్నారు. జాబితా ముందుగా దాఖలు చేసినవాడే అధ్యక్షుడని, రిజిస్ట్రారు కార్యాలయపు ముద్ర పడినచో ఎన్నిక ఖాయమైనట్లే అని తలచుచున్నారు. అందుచేతనే సభ ముగియకముందే ఒకరిని మించి ఒకరు ఆ కార్యాలయమునకు పరుగులు తీయుట! రిజిస్ట్రారు దాఖలైన కాగితమును స్వీకరించును గాని, ఇద్దరిలో ఎవరి ఎన్నిక చెల్లునో విచారించి తీర్పు చెప్పు అధికారము ఆయనకు లేదు.

ఆ అధికారమును 23వ సెక్షను రెండు తావులకు ఇచ్చినది. కార్యవర్గములో గాని సభ్యులలో గాని సంఘ వ్యవహారమును గూర్చి వివాదము వచ్చినపుడు ఏ సభ్యుడైనను 1996 నాటి మధ్యవర్తిత్వ చట్టము ప్రకారము మధ్యవర్తికి అప్పగింపవచ్చును. లేదా జిల్లా న్యాయస్థానమున దరఖాస్తు చేసికొనవచ్చును. న్యాయస్థానము విచారించి తగిన ఉత్తరువు చేయును. పోలీసు ఠాణాయు, మండల కార్యాలయమును ఈ సెక్షనులో లేవు. మన రచ్చబండయు లేదు. ఐనను ఊరి పెద్దల మాటపై ఉభయులును రాజీపడి తిరిగి సక్రమముగా సభ జరుపుకొన్నచో అంతకంటె కావలసినదేమి?

ఇట్టి తగవులు చిన్న సంఘములకే పరిమితమని తలపరాదు. క్రికెట్టు మన యువజన సంఘములకు ప్రాణము గనుక హైదరాబాదు క్రికెట్ అసోసియేషన్ ఉదాహరణమును చెప్పుదుము. భారత జట్టుకు నాయకుడుగా నుండిన మహమ్మద్ అజారుద్దీన్ 2019 సెప్టెంబరులో దానికి అధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. 2021 జూన్‌లో సంఘపు ఎపెక్స్ కౌన్సిలు ఆయనను సస్పెండు చేసినది. మరుసటి నెలలోనే సంఘపు అంబుడ్స్‌మన్ జస్టిస్ దీపక్ వర్మ ఆ సస్పెన్షను చెల్లదని, సస్పెండు చేసిన కౌన్సిలు సభ్యులలో ఐదుగురిని తాత్కాలికముగా అనర్హులని చెప్పెను. వివాదము సుప్రీంకోర్టుకు చేరినది. 2022లో ఆ న్యాయస్థానము ఒక పర్యవేక్షక సంఘమును నియమించి, 2023 ఫిబ్రవరిలో దానిని రద్దుచేసి, మాజీ న్యాయమూర్తి జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు ఒక్కరికే ఆ బాధ్యతను అప్పగించినది. చివరకు ఎన్నికలు 2023 అక్టోబరు 20న జరిగినవి. సస్పెన్షను నాటినుండి ఎన్నికల వరకు రెండేండ్లు దాటినవి. ధనమును, పేరుమోసిన న్యాయవాదులును గల సంఘమునకే యింత కాలము పట్టినది.

ట్రస్టుల పద్ధతి వేరు. మన సీమలో అందరెరిగిన శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టు 1972లో ఏర్పడినది. 1990 దశకమున అనంతపురము జిల్లాలోని 731 గ్రామములకు మంచినీటి పథకమును కట్టినది ఈ సంస్థయే. 2011 ఏప్రిల్ 24న సత్యసాయిబాబా నిర్యాణము చెందిన పిమ్మట సంస్థ నాయకత్వమును గూర్చి, ఆస్తులను గూర్చి బహిరంగముగా ప్రశ్నలు లేచినవి. ఆ జూన్‌లో యజుర్ మందిరమును తెరచి చూడగా 98 కిలోల బంగారము, 307 కిలోల వెండి, 11.56 కోట్ల రూపాయల నగదు ఉన్నట్లు వెల్లడి చేసిరి. సంఘములో వలె ట్రస్టులో సర్వసభ్య సమావేశము ఉండదు. భక్తులెందరున్నను వారికి ఓటు లేదు. ట్రస్టు పత్రము ప్రకారము ధర్మకర్తలే నిర్వహింతురు. ధర్మార్థ ట్రస్టు నిర్వహణ చెడినదని తోచినచో సివిల్ ప్రొసీజర్ కోడులోని 92వ సెక్షను ప్రకారము అడ్వొకేటు జనరల్ గాని, న్యాయస్థానపు అనుమతితో సంబంధముగల ఇద్దరు గాని అంతకు మించినవారు గాని దావా వేయవచ్చును. ఊరిలో బడికో గుడికో ట్రస్టు పెట్టదలచినవారు ధర్మకర్త మరణించిన పిమ్మట ఆ స్థానమునకు ఎవరు, ఎట్లు వత్తురో పత్రములోనే వ్రాయించుట మంచిది.

ప్రభుత్వమునకును ఈ విషయమున హద్దు కలదు. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము క్రిందికి మారిన పాల సంఘములను తిరిగి 1964 నాటి పాత సహకార చట్టము క్రిందికి తెచ్చుచు 2006లో రాష్ట్రమున సవరణ జరిగినది. దానిని హైకోర్టు 2007లో కొట్టివేయగా సుప్రీంకోర్టు 2011లో ఆ తీర్పునే స్థిరపరచినది. సభ్యులు తమంతట తాము ఎంచుకొన్న ఏర్పాటును పైనుండి మార్చుట అంత సులభము కాదని దీనివలన తెలియుచున్నది.

మరి పంచాయతీ చేయదగినదేమి? "ఫలానా వ్యక్తిని అధ్యక్షునిగా గుర్తించుచున్నాము" అని పంచాయతీ చేయు తీర్మానమునకు విలువ లేదు; అది ఊరిలో రెండవ తగవును తెచ్చును. సంఘ కార్యాలయమునకు తాళము వేయుటయు మన పని కాదు. కాని వాటర్‌షెడ్ కమిటీ సంగతి కొంత భిన్నము. 2008 నాటి ఉమ్మడి మార్గదర్శకముల ప్రకారము ఆ కమిటీని ఏర్పరచునది గ్రామసభయే; పిమ్మట దానిని సొసైటీగా నమోదు చేయింతురు. కనుక తగవు వచ్చిననాడు గ్రామసభ మినిట్సు పుస్తకమే మొదటి సాక్ష్యమగును. అది పంచాయతీ కార్యాలయమున నుండవలసిన పుస్తకము. నాడు హాజరైనవారి సంతకములు, తేది, ఎన్నుకొన్నవారి పేర్లు అందు సరిగా నున్నవో లేవో సభ్యులు ఇప్పుడే తెరచి చూచుకొనవచ్చును.

జిల్లా న్యాయస్థానమునకు పోవు సభ్యునికి మరియొక మాట చెప్పవలసి యున్నది. అధ్యక్షుడెవ్వరో తేల్చుమని అడుగుటతో పాటు, తేలులోపల అత్యవసరమగు మరమ్మతులకు ఉభయ వర్గముల ఉమ్మడి సంతకముతో గాని, న్యాయస్థానము నియమించినవారి చేతి మీదుగా గాని డబ్బు తీయు మధ్యంతర ఉత్తరువును కోరవచ్చును. దరఖాస్తుతో నిబంధనావళి నకలు, రిజిస్ట్రారు కార్యాలయమునుండి తీసికొన్న జాబితాల ధ్రువప్రతులు, నోటీసు పంపిన తపాలా రసీదులు, మినిట్సు నకళ్లు, బ్యాంకు పాసుపుస్తకపు పుటలు జతపరచవలెను. కట్ట తెగినచోటి ఫోటోను, మరమ్మతు అంచనాను కూడ చేర్చినచో ముంగారు రాకముందే ఉత్తరువు ఎందుకు కావలెనో న్యాయమూర్తికి స్పష్టమగును.