లింగధారికి కులమేది?

పూర్వము నల్గొండ జిల్లాలోనిదై, 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన కొలనుపాక జగద్గురు రేణుకాచార్యుల ఆవిర్భావక్షేత్రమని వీరశైవుల విశ్వాసము. అచట సోమేశ్వరాలయ పరిసరమున కులమునకొకటిగా పెక్కు మఠములు వెలసినవి. అన్ని కులములకును శివసన్నిధిని చోటు దక్కుట గొప్పయే. కాని మఠము వేరైనచో పంక్తియు వేరగును.

12వ శతాబ్దమున కల్యాణమునందు బసవేశ్వరుడు కోరినది అంతమాత్రము కాదు. చర్మకారుడైన హరళయ్య కుమారునకు బ్రాహ్మణజన్ముడైన మధువరసుని కుమార్తెనిచ్చి పెండ్లి చేసిరనియు, అందులకు తండ్రులిరువురును ప్రాణములు కోల్పోయిరనియు శరణుల చరిత్ర చెప్పుచున్నది.

1950లో అమలైన రాజ్యాంగము 17వ అధికరణముచే అస్పృశ్యతను రద్దుచేసినది. శాసనము గుడి తలుపు తెరచును; ఇంటి పంక్తిని, పెండ్లి పందిరిని తెరవవలసినవాడు లింగధారియే. అరచేతి ఇష్టలింగమునకు లేని కులమును వియ్యమునకు వెదకుట బసవమార్గము కాదు.