క్యామ్ షాఫ్ట్ అరుగుదల: పరీక్ష, చికిత్స

కారు ఇంజనులో పిస్టన్లకూ రింగులకూ ఉన్న పేరు క్యామ్ షాఫ్టుకు లేదు. బండి లాగడం లేదంటే అందరూ ముందు కార్బొరేటర్ మీద పడతారు, తర్వాత ప్లగ్గుల మీద, ఆఖరున రింగుల మీద. “బోరు పోయింది, ఇంజను దింపాల్సిందే” అని తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పుకు తల ఊపేముందు చేయవలసిన చిన్న పరీక్ష ఒకటుంది. దాన్ని విద్యార్థి మిత్రులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఉదాహరణకు మనందరికీ తెలిసిన పాత అంబాసిడర్ 1489 సి.సి. పెట్రోలు ఇంజనును తీసుకుంటాను. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది. అయినా ఈ పాఠం చెప్పడానికి అంతకంటె తేలికైన ఇంజను నాకు కనబడలేదు.

నిర్మాణం

క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ షాఫ్ట్ ఒక చుట్టు తిరుగుతుంది. దాని మీద కోడిగుడ్డు ఆకారంలో ఎనిమిది క్యాములుంటాయి. గుండ్రని భాగాన్ని మడమ అనీ, పొడుచుకొచ్చిన కొసను ముక్కు అనీ అనుకుందాం. ముక్కు ట్యాపెట్‌ను లేపుతుంది, ట్యాపెట్ పుష్ రాడ్‌ను, పుష్ రాడ్ రాకర్‌ను నెడుతుంది. రాకర్ రెండో కొస వాల్వును తెరుస్తుంది. ముక్కు ఎంత ఎత్తుంటే వాల్వు అంత తెరుచుకుంటుంది.

ఎందుకు అరుగుతుంది?

ముక్కూ ట్యాపెట్టూ ఆనుకునే చోటు సన్నని గీతంత. వాల్వు స్ప్రింగు బలమంతా ఆ గీత మీదే. అందుకే ట్యాపెట్ తన చుట్టూ తాను నెమ్మదిగా తిరిగేలా అమరుస్తారు. అది తిరగడం మానేస్తే ఒకేచోట రాపిడి. పైనున్న గట్టి పొర పోయిందంటే లోపలి మెత్తని లోహం ఇక ఆగదు, వేగంగా అరుగుతుంది.

లక్షణాలు

ఎగ్జాస్టు క్యామ్ అరిగితే కాలిన వాయువు పూర్తిగా బయటికి పోదు. ఇన్‌లెట్ వాల్వు తెరుచుకోగానే వెనక్కి తన్ని, కార్బొరేటర్‌లో ‘టప్ టప్’మంటుంది. ఇన్‌లెట్ క్యామ్ అరిగితే ఆ సిలిండరుకు చాలినంత మిశ్రమం అందదు, ఎత్తు ఎక్కేటప్పుడు బండి నీరసిస్తుంది. ట్యాపెట్లు సెట్ చేసిన కొద్ది రోజులకే చప్పుడు మళ్ళీ వస్తే అది ఇంకో గుర్తు.

ఇక్కడే చాలామంది పొరబడేది ఒకటుంది. ఫీలర్ గేజితో మనం సందును కొలిచేది ట్యాపెట్ మడమ మీద ఉన్నప్పుడు. ముక్కు సగం అరిగినా ఆ సందు సరిగ్గానే కనబడవచ్చు! వాల్వులు బాగా మూసుకుంటుంటే కంప్రెషన్ అంకె కూడా బాగానే ఉండవచ్చు. చప్పుడు ఆపడానికి సందు మరీ బిగిస్తే వాల్వు పూర్తిగా మూసుకోక, ఎగ్జాస్టు వాల్వు కాలిపోతుంది. రోగం ఒకటైతే మందు ఇంకొకటి వేసినట్టు.

పరీక్ష

రాకర్ కవరు, ప్లగ్గులు విప్పాలి. పుష్ రాడ్ వైపున్న రాకర్ కొస మీద డయల్ గేజి నిలపాలి. ట్యాపెట్ మడమ మీదుండగా ముల్లును సున్నాకు తెచ్చి, ఇంజనును చేత్తో మెల్లగా తిప్పుతూ ఎంత లేచిందో రాసుకోవాలి. ఇలా ఎనిమిదింటికీ చేసి, ఇన్‌లెట్లను ఇన్‌లెట్లతోనూ ఎగ్జాస్టులను ఎగ్జాస్టులతోనూ పోల్చాలి. మడమ ఎప్పుడొస్తుందో తెలియడానికి ‘తొమ్మిది లెక్క’ ఉంది: 8వ వాల్వు పూర్తిగా తెరిచి ఉంటే 1వది మడమ మీద ఉంటుంది, 6 తెరిచి ఉంటే 3. రెండూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే.

నిరుడు ఒక పాత అంబాసిడర్‌ను మా దగ్గరకు తెచ్చారు. ఆ బండే ఓనరుగారి బతుకుతెరువు. రీబోరు తప్పదని ఎవరో చెబితే అప్పు కోసం తిరుగుతున్నారాయన. మా కుర్రాళ్ళు గేజి పెట్టి చూశారు. ఏడు క్యాములు 5.6, 5.7 మి.మీ. చూపించాయి. 5వది, అంటే మూడో సిలిండరు ఎగ్జాస్టు, 3.9 దగ్గర ఆగిపోయింది. బోరు జోలికి పోనక్కరలేకపోయింది.

చికిత్స

అరిగిన క్యామ్‌కు సర్దుబాటు లేదు, షాఫ్టే మార్చాలి. రేడియేటరు, టైమింగు కవరు, చెయిన్, డిస్ట్రిబ్యూటర్ డ్రైవు, సంపు, ఆయిల్ పంపు విప్పి ముందువైపునుంచి లాగాలి. దాంతోపాటు ఎనిమిది ట్యాపెట్లూ కొత్తవే వేయాలి. పాత ట్యాపెట్ కొత్త క్యామును తినేస్తుంది. రాలిన లోహపు పొడి బేరింగులకు చేటు గనుక సంపు కడిగి, ఆయిలూ ఫిల్టరూ మార్చాలి. టైమింగు గుర్తులు కలిపి బిగించాలి. ముక్కులకు అసెంబ్లీ పేస్టు పూసి, స్టార్టయిన వెంటనే ఐడిలింగులో వదలకుండా సుమారు 2000 ఆర్.పి.ఎం. దగ్గర ఇరవై నిమిషాలు నడపాలి. నెమ్మదిగా తిరిగితే క్యాముల మీదికి చిమ్మే ఆయిలు చాలదు.

నివారణ

ఆయిలు వేళకు మార్చడం మొదటి జాగ్రత్త. రెండోది ఆయిలు ఎంపిక. రాపిడినుంచి క్యామును కాపాడేది ఆయిలులోని జింకు, ఫాస్ఫరస్‌ల సమ్మేళనం. ఫాస్ఫరస్ కాటలిటిక్ కన్వర్టర్లను పాడుచేస్తుందని, 2004లో వచ్చిన ప్రమాణాల్లో పలుచని గ్రేడు పెట్రోలు ఆయిళ్ళకు దాన్ని 0.08 శాతానికి పరిమితం చేశారు. కాబట్టి పాత ఇంజనుకు కొత్త ఆయిలు కొనేముందు డబ్బా మీది వివరం చదవండి.

మిత్రులారా, చెవితో విన్నది అనుమానానికి చాలు, తీర్పుకు చాలదు. సెలవుల్లో మీ ఊళ్ళో ఎవరి పాత కారైనా మొరాయిస్తే, ఖర్చు మాట ఎత్తకముందే ఒక డయల్ గేజి సంపాదించండి. మనం చదివిన చదువు ఒకరి అప్పును తప్పించగలిగితే అంతకంటె కావలసిందేముంది?